ఆగీని తిట్టుకునే సాయంత్రాలు

ఆగీ గరీడోని ఇష్టపడే వాళ్లందరికీ ఆయన మీద ఒకే ఫిర్యాదు ఉండేది. బంట్ మరీ ఎక్కువ ఆడిస్తాడని.

ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టుకి ఆయన 1997 నుంచి 2016 దాకా కోచ్. నేను ఆ ఊళ్లో చదువుకున్నదీ, మొదటి ఉద్యోగం చేసిందీ ఆయన కాలంలోనే. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ గురించి మనవాళ్లు బాగానే వినుంటారు. కాలేజీ బేస్‌బాల్ కోచ్‌కి కూడా ఒక ఊరు ఊరంతా అభిమానులుంటారని నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. బంట్ అంటే బ్యాటర్ గట్టిగా బాదకుండా, బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగా ముందుకి దొర్లించడం. తను దాదాపు ఖాయంగా అవుటైపోతాడు. నాలుగు బేసులూ చుట్టివస్తే ఒక పరుగు. కానీ మొదటి బేస్ మీద నిలబడున్న తోటి ఆటగాడు ఆ సందులో రెండో బేస్‌కి చేరుకుంటాడు. ఒక అవుట్ ఇచ్చి ఒక బేస్ కొనుక్కోవడం అన్నమాట. ఇన్నింగ్స్‌కి ఉండేదే మూడు అవుట్లు, అందులో ఒకటి చేజేతులా ఇచ్చేస్తామా అని లెక్కలు తెలిసినవాళ్ల బాధ. ఆగీ లెక్క వేరు. ముందు ఒక్క పరుగు తెచ్చుకుందాం, మిగతాది బంతులు వేసే మన పిచర్లు చూసుకుంటారు అనే రకం ఆయన. అవసరమనిపిస్తే జట్టులో అందరికన్నా గట్టిగా కొట్టే కుర్రాడి చేత కూడా బంట్ ఆడించేవాడు. ఆ కుర్రాడు బ్యాట్ అడ్డంగా పట్టుకోగానే స్టేడియంలో ఒక మూలుగు లేచేది. ఏడు వేల మంది ఒకేసారి నిట్టూరిస్తే ఎలా ఉంటుందో నేను డిష్-ఫాల్క్ ఫీల్డ్‌లో విన్నాను.

నేను 2004 ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్లాను. మా తెలుగు బ్యాచ్ అంతా ఫార్ వెస్ట్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండి షటిల్ బస్సులో క్యాంపస్‌కి వచ్చేవాళ్లం. విద్యార్థులకి అన్ని ఆటలకీ కలిపి ఒక పాస్ అమ్మేవారు. డబ్బు కట్టాం కదా, వాడుకోకపోతే ఎలా అని మా రూమ్మేట్ నన్ను ఫిబ్రవరి చలిలో మొదటిసారి బేస్‌బాల్‌కి లాక్కెళ్లింది. స్టేడియం క్యాంపస్‌కి తూర్పున, హైవే దాటగానే ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు సగం అర్థం కాలేదు. క్రికెట్ చూసి పెరిగినదాన్ని, బంతి కాస్త పక్కకి వెళ్లినా ఫోరేమో అని లేచి నిలబడేదాన్ని. అందరూ నావైపు చూసేవారు. అది ఫౌల్, గీత బయట పడ్డ బంతి.

కానీ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక మనిషి మాత్రం గుర్తుండిపోయాడు. అప్పటికే అరవై ఆరేళ్లు. సన్నగా, నిటారుగా, ముఖం మీద ఏ భావమూ లేకుండా ఉన్నాడు. బేస్‌బాల్‌లో కోచ్‌లు కూడా ఆటగాళ్లలాగే యూనిఫామ్ వేసుకుంటారు. తాతగారి వయసులో ఉన్నాయన కుర్రాళ్ల బట్టల్లో కనిపిస్తే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆయన పిచర్‌తో మాట్లాడటానికి మైదానం మధ్యకి నడుచుకుంటూ వెళ్లాడు. ఆ నడకలో తొందర లేదు. జనం "ఆగీ! ఆగీ!" అని అరిచారు. మిస్టర్ గరీడో అని గానీ, కోచ్ గరీడో అని గానీ ఎవరూ అనలేదు. ఊరంతటికీ ఆయన ఆగీయే.

ఉద్యోగం వచ్చాక సీజన్ టికెట్ కొనుక్కున్నాను. నా పక్క సీట్లు ఒక వృద్ధ దంపతులవి. ఆవిడ రిటైరైన స్కూల్ టీచర్. ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని ప్రతి బంతీ రాసేది. టెక్సస్‌లో పెద్దవాళ్లని సర్ అనీ, మేమ్ అనీ పిలవడం మర్యాదే కాబట్టి నాకు ఇబ్బంది లేకపోయింది. నేను ఆవిణ్ణి మేమ్ అనేదాన్ని, ఆవిడ నన్ను హనీ అనేది. బ్యాట్ తిప్పినా బంతి తగలక స్ట్రైకౌట్ అయితే కె అనీ, కొట్టకుండా నిలబడి అవుటైతే తిరగేసిన కె అనీ ఎలా రాయాలో నాకు నేర్పింది ఆవిడే. బంట్ జరిగినప్పుడల్లా ఆ గడిలో శాక్రిఫైస్ గుర్తు పెన్సిల్ ముక్కు విరిగేంత గట్టిగా రాసేది. పెద్దాయన మాత్రం పెదవి విప్పేవాడు కాదు. టోపీ తీసి తల నిమురుకుని మళ్లీ పెట్టుకునేవాడు. అది ఆయన నిరసన.

ఆగీ చరిత్ర నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది ఈ ఇద్దరే, ఇన్నింగ్స్‌ల మధ్య విరామాల్లో. వాళ్ల కథ ఎప్పుడూ 1984 నుంచి మొదలయ్యేది. ఏటా జాతీయ టోర్నమెంట్ ఆఖరి అంచె జరిగేది ఒమాహాలో. ఆ ఏడాది అక్కడ ఫైనల్‌కి టెక్సస్ వెళ్లింది. అంతకు ముందు ఏడాదే టైటిల్ గెలిచిన జట్టు, గెలుస్తుందనే అందరి నమ్మకం. 3-1తో ఓడించింది కాలిఫోర్నియాలోని కాల్ స్టేట్ ఫుల్లర్టన్ యూనివర్సిటీ జట్టు. ఆ జట్టు కోచ్ ఎవరంటే ఆగీ గరీడో. ఆయన చేతిలో ఓడినందుకు వాళ్లు పన్నెండేళ్లపాటు గుర్రుగా ఉన్నారు. ఆ తర్వాత ఆయన్నే తమ ఊరికి కోచ్‌గా తీసుకొచ్చారు.

వచ్చినప్పుడు ఎవరూ హారతులు పట్టలేదు. టెక్సస్ బేస్‌బాల్‌లో ఒక విచిత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి మూడేళ్లు వదిలేస్తే, 1911 నుంచి 2016 దాకా ఆ జట్టుకి కోచ్‌లు నలుగురే. బిల్లీ డిష్, బిబ్ ఫాల్క్, క్లిఫ్ గస్టాఫ్సన్, ఆగీ. మొదటి ఇద్దరి పేర్లే స్టేడియానికి పెట్టారు. గస్టాఫ్సన్ టెక్సస్ గడ్డ మీద పుట్టిన మనిషి, రెండు జాతీయ టైటిళ్లు తెచ్చినవాడు. ఆయన కుర్చీలోకి కాలిఫోర్నియా నుంచి, ధ్యానం గురించీ, భయాన్ని జయించడం గురించీ, గడిచిన బంతి వదిలేసి ఈ బంతి చూడమనీ ఉపన్యాసాలిచ్చే మనిషి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుంది? పైగా 1998లో జట్టు 23 గెలిచి 32 ఓడింది. ఆ ఏడాది తమ వరసలో వాళ్లు ఆయన్ని ఏమన్నారో పెద్దాయన చెప్పబోతే మేమ్ గారు మోచేత్తో పొడిచి ఆపేసింది.

2000లో జట్టు మళ్లీ ఒమాహా వెళ్లింది. 2002లో సౌత్ కరొలైనాని 12-6తో ఓడించి టైటిల్ గెలిచింది. 1983 తర్వాత అదే మొదటిది. ఫుల్లర్టన్‌కి 1979, 1984, 1995లో టైటిళ్లు ఇప్పించిన ఆగీ, రెండు వేర్వేరు కాలేజీలకి ఈ టైటిల్ తెచ్చిన మొదటి కోచ్ అయ్యాడు. 1998లో తిట్టినవాళ్లంతా తాము మొదట్నుంచీ నమ్మామని చెప్పుకున్నారట. ఈ చివరి మాట మేమ్ గారిదే, మొగుడి వైపు చూస్తూ అన్నది.

నా కళ్లతో చూసిన టైటిల్ 2005ది. అంటే టీవీలో. జూన్‌లో, మా అపార్ట్‌మెంట్ హాల్లో నేల మీద కూర్చుని, పెరుగన్నం తింటూ. బేలర్ యూనివర్సిటీ మీద ఆటలో ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి స్కోరు సమానంగా ఉంది. చాన్స్ వీలెస్ అనే కుర్రాడు బ్యాటింగ్‌కి వచ్చాడు. అతని భుజం అసలు బాగాలేదు, బ్యాట్ తిప్పినప్పుడల్లా నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. ఆ భుజంతోనే బంతిని కంచె దాటించాడు, అంటే హోమ్‌రన్. ఆట 4-3తో అయిపోయింది. అతను బేసులు చుట్టివస్తూ చెయ్యి ఒంటికి అదిమిపెట్టుకునే ఉన్నాడు. హాల్లో మేం పెట్టిన గోలకి కింద ఫ్లాట్‌వాళ్లు వస్తారేమో అనుకున్నాం, వాళ్లూ అదే చూస్తున్నారని అరుపుల్ని బట్టి తెలిసింది. తర్వాత ఫ్లోరిడాని వరసగా రెండు ఆటల్లో ఓడించేశారు. ఆ రాత్రి క్యాంపస్ టవర్ మొత్తం నారింజ రంగు దీపాలతో వెలిగింది, కిటికీ లైట్లతో ఒకటి అంకె దిద్దారు. మేమంతా వెళ్లి చూసొచ్చాం. గెలిపించినవాళ్లెవరో సరిగ్గా తెలియని మా ఆంధ్రా, తెలంగాణ బ్యాచ్ కూడా చూపుడువేలు, చిటికెన వేలు పైకెత్తి, టెక్సస్ అభిమానుల కొమ్ముల గుర్తుతో ఫొటోలు దిగింది.

మనిషిలో లోపాలు లేవని కాదు. 2009 జనవరిలో తాగి కారు నడుపుతూ పోలీసులకి దొరికాడు. యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. సీజన్ మొదటి నాలుగు ఆటలకి ఆయన లేడు. అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు. తిరిగి వచ్చిన రోజు స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా మేమ్ గారు లేవలేదు. తన స్కూల్లో చదివిన ఒక పిల్లని అలాంటి డ్రైవర్ వల్లే పోగొట్టుకున్నానని తర్వాతెప్పుడో చెప్పింది. ఆ చప్పట్లు నాకూ అంతగా నచ్చలేదు. గెలిచేవాడు కాబట్టి ఇంత త్వరగా క్షమించారా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అభిమానంలో ఆ కాస్త అన్యాయం ఎప్పుడూ ఉంటుందేమో.

అదే ఏడాది మే 30. ఆ వారమే మా అమ్మానాన్నలు ఇండియా నుంచి దిగారు. అమ్మ ఇంట్లో పడుకుంటానంది. నాన్నకి నిద్ర పట్టదు, నాకేమో జాతీయ టోర్నమెంట్ మొదటి అంచె అయిన రీజినల్ టికెట్లున్నాయి. సరే రమ్మన్నాను. ప్రత్యర్థి బాస్టన్ కాలేజీ. సాయంత్రం ఆరింటికి మొదలైంది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లు, మూడు గంటల ఆట. స్కోరు సమానమైతే తేలేదాకా ఆడాల్సిందే. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 2-2. పది, పదకొండు, పన్నెండు... ఎవరికీ పరుగు రాలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో జనమంతా లేచి పాట పాడటం ఆనవాయితీ. పధ్నాలుగులో మళ్లీ లేచాం. ఇరవై ఒకటిలో మళ్లీ లేచాం. నాన్న మాత్రం హాయిగా తొక్కతో అమ్మే వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. ఆస్టిన్‌లో అర్ధరాత్రి అంటే ఆయన ఒంటికి పొద్దున్న పదిన్నర. ఆ స్టేడియంలో ఆ వేళకి పూర్తిగా మెలకువగా ఉన్నది బహుశా ఆయనొక్కడే.

ఆ రాత్రి టెక్సస్ తరఫున ఆస్టిన్ వుడ్ అనే పిచర్ ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చాడు. అతను చివర్లో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్‌లు వేసి ఆట ముగించే రకం. ఆ రోజు పదమూడు ఇన్నింగ్స్‌లు వేశాడు. 169 బంతులు. అందులో పన్నెండుకి పైగా ఇన్నింగ్స్‌ల పాటు అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఇన్నింగ్స్ ముగించి అతను డగౌట్‌కి వచ్చిన ప్రతిసారీ జనం లేచి నిలబడ్డారు. అటు బాస్టన్ కాలేజీ కుర్రాడు మైక్ బెల్ఫియోరే కూడా తొమ్మిదిన్నరకి పైగా ఇన్నింగ్స్‌లు సున్నాలు పెట్టించాడు. అతను దిగిపోతుంటే మావాళ్లు అతనికీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి.

నాన్న నన్ను అడిగింది ఒకటే. "ఏమ్మా, ఆ పెద్దాయన ఆ కుర్రాణ్ణి ఇంకా తీయడేం? వాడి చెయ్యేం కావాలి?"

నా పక్కన పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పాను, మా నాన్న ఇలా అంటున్నాడని. ఆయన టోపీ తీసి తల నిమురుకున్నాడు. తర్వాత ఒకటి రెండు రోజులకి దేశంలో బేస్‌బాల్ గురించి రాసేవాళ్లు చాలామంది అదే ప్రశ్న అడిగారు, నాన్నకన్నా చాలా కటువుగా. వుడ్ తనే వేస్తానని పట్టుబట్టాడని జట్టువైపు వాళ్లన్నారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు పట్టుబట్టక ఏం చేస్తాడు, ఆపాల్సింది పెద్దవాళ్లు కదా అనేది నా అభిప్రాయం. ఆ అభిప్రాయంతోనే మర్నాటి ఆటకీ వెళ్లాను.

ఇరవై ఐదో ఇన్నింగ్స్‌లో ట్రావిస్ టక్కర్ కొట్టిన సింగిల్‌కి, అంటే తను ఒక బేస్ చేరేంత దెబ్బకి, పరుగొచ్చింది. 3-2. ఏడు గంటల మూడు నిమిషాలు. కాలేజీ బేస్‌బాల్‌లో అప్పటిదాకా అన్ని ఇన్నింగ్స్‌ల ఆట ఎవరూ ఆడలేదు. టైమ్ రాత్రి ఒంటిగంట దాటింది. మేమ్ గారి స్కోరు పుస్తకంలో ఆ ఆటకి పేజీలు సరిపోలేదు, నా టికెట్ కవరు వెనక కూడా రాసింది. మర్నాడు ఆర్మీ జట్టు మీద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ప్రెస్టన్ క్లార్క్ గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేసుల మీదా మనుషులుండగా హోమ్‌రన్, కొట్టి 14-10తో గెలిపించాడు. నాన్న రెండో రోజు రానన్నాడు. ఇంత మంచి ఆట రోజూ ఉండదులే అని ఆయన అంచనా. ఇండియా వెళ్లాక కూడా చాన్నాళ్లు ఆ గ్రాండ్ స్లామ్ గురించి ఫోన్‌లో దెప్పాను.

ఆ ఏడాది జట్టు ఒమాహా ఫైనల్ దాకా వెళ్లి లూసియానా స్టేట్ యూనివర్సిటీ చేతిలో ఓడింది. మొదటి ఆటలో టెక్సస్ హోమ్‌రన్‌ల మీద హోమ్‌రన్‌లు కొట్టింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల ఆధిక్యం చేతిలో ఉంది, నిలబెట్టుకోలేక పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడిపోయింది. బంట్‌లు మానెయ్యాలని ఏళ్ల తరబడి గొణిగినవాళ్లు ఆ రాత్రి కిక్కురుమనలేదు.

తర్వాతి రోజులు తగ్గుముఖం. 2012, 2013లలో జట్టుకి జాతీయ టోర్నమెంట్‌లోనే చోటు దొరకలేదు. ఖాళీ సీట్లు కనిపించేవి. డెబ్బై దాటిన మనిషి, ఇంక చాల్లే అనేవాళ్లు ఎక్కువయ్యారు. మా వరసలో కూడా అనుకున్నాం, కానీ ముందు వరసలో కొత్తగా వచ్చిన ఒకాయన అదే మాట పైకి అంటే మేమ్ గారు వెనక నుంచి గట్టిగా జవాబిచ్చింది. ఇంట్లో కొడుకుని మనం ఎన్నయినా అంటాం, వీధిలోవాడు అంటే ఊరుకుంటామా, అచ్చం అలాగే. 2014లో ఎవరూ అనుకోని విధంగా జట్టు ఒమాహా చేరి, ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరంలో వాండర్‌బిల్ట్‌తో పది ఇన్నింగ్స్‌ల ఆటలో ఓడింది. గెలుపుల లెక్కలో అన్ని స్థాయిల కాలేజీ కోచ్‌లనీ ఆగీ దాటేసింది కూడా ఆ ఏడాదే.

ఉద్యోగం మారి 2015లో నేను ఆస్టిన్ వదిలేశాను. 2016లో జట్టు 25 గెలిచి 32 ఓడింది. ఆ మే నెలాఖరులో ఆయన్ని కోచ్ పదవి నుంచి తప్పించి అథ్లెటిక్ డైరెక్టర్‌కి సలహాదారు అనే హోదా ఇచ్చారు. వార్త నేను ఆఫీసులో చదివాను. అప్పటికి మొత్తం 1,975 గెలుపులు.

ఆగీతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆట అయ్యాక కంచె దగ్గర పిల్లలు బంతులూ టోపీలూ పట్టుకుని నిలబడటం చూసేదాన్ని. పెద్దదాన్ని, పైగా పరాయిదేశం దాన్ని, నేనెందుకు అనుకుని పార్కింగ్ వైపు వెళ్లిపోయేదాన్ని. ఆయన పుట్టింది కాలిఫోర్నియాలో వల్లేహో అనే ఊళ్లో. తండ్రి అక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలో పనిచేసేవాడు. కుర్రాళ్లని బూతులు తిట్టే కోచ్ ఆయనే, ఓటమికి భయపడొద్దని తండ్రిలా చెప్పే కోచ్ కూడా ఆయనే. ఆస్టిన్ సినిమా దర్శకుడొకరు 2008లో తీసిన డాక్యుమెంటరీలో ఆ రెండూ ఉన్నాయి. చూసి మా పెద్దాయన, రెండోది తగ్గించి మొదటిది పెంచితే బావుండు అన్నాడు.

2018 మార్చి 15న ఆగీ పోయాడు. పక్షవాతం వచ్చి, కాలిఫోర్నియాలో. 79 ఏళ్లు. నేను ఆస్టిన్‌కి ఫోన్ చేశాను. మేమ్ గారు ఎత్తలేదు, పెద్దాయనే ఎత్తాడు. మామూలుగా మాట్లాడని మనిషి, ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. 1984 నుంచి మొదలుపెట్టాడు. 1998లో తామేమన్నారో కూడా ఈసారి ఆపేవాళ్లు లేక చెప్పేశాడు. అదిక్కడ రాయలేను.

ఆ మే నెలలో ఫ్లోరిడా స్టేట్ కోచ్ మైక్ మార్టిన్ ఆగీ గెలుపుల రికార్డు దాటేశాడు. పెద్దాయన ఆ వార్త నాకు ఈమెయిల్‌లో పంపించాడు. ఉత్తరం ఏమీ లేదు. కింద ఒక్క లైను: మార్టిన్ ఇన్నేళ్లలో ఒక్క జాతీయ టైటిల్ కూడా గెలవలేదు, మనవాడు ఐదు గెలిచాడు.